ఇరవయ్యో బండ

బేతంచెర్ల, 6 జనవరి 1957, ఆదివారం

ఈ నోటుబుక్కు కర్నూలు ఆఫీసుది. రాజధాని హైదరాబాదుకు పోతూ పోతూ బీరువాలు, గడియారాలు, కుర్చీలు, పర్మనెంటు గుమాస్తాలు, అన్నిటినీ మూటగట్టుకుని పోయింది. దీన్నీ, నన్నూ మరిచిపోయింది. ఇద్దరం టెంపరరీలమే.

కనుక కంబన్న, బి.ఎ., లెక్కలు, రెండో తరగతి, వయసు ఇరవై మూడు, ప్రస్తుతం తిమ్మయ్య మామ బండల డిపోలో ముక్కాలిపీట మీద ఆసీనుడై, ఏ లారీకి ఎన్ని బండలు ఎక్కాయో రాసే మహత్కార్యంలో ఉన్నాడు. ఇది చరిత్రలో ఎక్కడో ఒకచోట ఉండాలని ఇక్కడ రాస్తున్నాను.

ఆశ ఒక్కటే ఉంది. ఆఫీసు ఎత్తేసే రోజు మా పెద్ద ఆఫీసరు నన్ను పిలిచి ఒక చిరునామా చేతిలో పెట్టాడు. కలకత్తాలో లెక్కలు చేసే యంత్రమొకటి వచ్చిందట. ఏనుగంత ఉంటుందట. ఏనుగుకు మావటివాడు ఉన్నట్టు, దానికి ఆజ్ఞలు రాసేవాళ్లు కావాలట. పోస్టులో అభ్యాసాలు పంపుతారు, బాగా చేసినవాళ్లను అక్కడికి పిలిచి నేర్పుతారు. రాశాను. నిన్న మొదటి మూడు అభ్యాసాలు వచ్చాయి.

పైన ఇట్లా ఉంది: "యంత్రానికి బుద్ధి లేదు. మీరు రాసింది చేస్తుంది. రాయనిది చెయ్యదు." దానికి తెలిసినవి ఏడు మాటలు: తీసుకో, పెట్టు, కూడు, తీసెయ్యి, చూడు, ఫలానా వరుసకు పో, ఆపు. ఈ ఏడు మాటలతో మనిషి చేసే లెక్కంతా చేయించాలట. మా మామ అంతకన్నా తక్కువ మాటలతో డిపో నడుపుతున్నాడు.

13 జనవరి

మొదటి అభ్యాసం: రెండు సంఖ్యల్లో ఏది పెద్దదో చెప్పించు.

ఆజ్ఞలు రాయడం అయింది. సరిగా ఉన్నాయో లేదో తెలిసేదెట్లా? యంత్రం కలకత్తాలో ఉంది. నా దగ్గర లేవి ఉన్నాడు. బండలు చెక్కుతాడు, నలభై దాటి ఉంటాయి, మాటకు ఎదురు చెప్పడు. పగిలిన బండముక్కల మీద సుద్దతో అంకెలు వేసి ఆయన ముందు పెట్టాను.

"లేవీ, ఇప్పుడు నువ్వు యంత్రం."

"అట్లనే అప్పా. కూసోవాల్నా, నిలబడాల్నా?"

"నేను చెప్పింది చెయ్యాల. చెప్పనిది చెయ్యగూడదు. అంతే."

"ఇరవై ఏండ్లుగా మీ మామ కాడ చేస్తాండేది అదే కదప్పా."

రెండు సంఖ్యల్లో పెద్దది దొరికింది. దొరికిన తర్వాత లేవి దాన్ని తుడిచి, చూడడానికి బాగుండాలని నాకు ఎదురుగా నిలబెట్టాడు. యంత్రం ఇంత మర్యాదగా ఉండకపోవచ్చు.

24 జనవరి

మూడూ తిరిగొచ్చాయి. మూడింటి పక్కనా ఎర్రసిరాతో చిన్న గీత, సరి అని. కింద ఒకే ఒక్క మాట, బాగుంది. నేను ఆ మాటను పదకొండు సార్లు చదివాను. లెక్కపెట్టలేదు, ఊరికే తెలిసింది.

27 జనవరి

మైదుకూరుకు, అమ్మకు కార్డు రాశాను. 'కలకత్తాలో నన్ను దాదాపు తీసుకున్నారు' అని రాయబోయాను. కార్డు చిన్నది. 'దాదాపు' పట్టలేదు.

మార్చి పదమూడున బయలుదేరుతున్నానని కూడా రాశాను. ఏదో ఒక తేదీ లేకపోతే అబద్ధంలా ఉంటుంది.

5 ఫిబ్రవరి

అమ్మ జాబు. ఎవరెవరికి చెప్పిందో ఒక పుటంతా ఉంది. పక్కింటి సిద్దమ్మకు, ఎదురింటివాళ్లకు, బస్టాండులో కండక్టరుకు. కలకత్తాలో చలి ఎక్కువని ఆ కండక్టరే చెప్పాడట. దూది ఏకించి కొత్త పరుపు కుట్టిస్తోంది. పదమూడో తేదీ తనే వచ్చి రైలెక్కిస్తుందట.

తీసుకుంటారు. మూడు ఎర్రగీతలు ఊరికే పడవు కదా. నేను చెప్పింది అబద్ధం కాదు, కొంచెం ముందుగా చెప్పిన నిజం.

8 ఫిబ్రవరి

నాలుగో అభ్యాసం వచ్చింది. దానితోపాటు నియమాలు. ఈసారి ఎర్రసిరా లేదు. మనం రాసినదాన్ని నేరుగా యంత్రం మీద నడుపుతారు. ఇరవై సంఖ్యలు వాళ్లే ఇస్తారు, వాటిని కూడించాలి. అంతే. ఏ సంఖ్యలో మనకు చెప్పరు. సరైన మొత్తం వచ్చిన వాళ్లలో ఇద్దరిని తీసుకుంటారు. పంపిన తర్వాత దిద్దుబాట్లు చెల్లవు.

ఇరవై సంఖ్యలు కూడటం. మా సిద్దమ్మత్త వేళ్ల మీద చేస్తుంది. ఇందుకోసం మనిషికి నిద్ర పట్టకపోవడం ఏమిటో.

15 ఫిబ్రవరి

వారం పట్టింది. పదకొండు వరుసలు. సంగ్రహంగా: ఎడమ కుప్పలోంచి ఒక సంఖ్య తీసుకో, మొత్తానికి కూడు, కుడి పక్క పెట్టు. డబ్బాలో ముందే ఇరవై గులకరాళ్లు ఉంటాయి, అందులోంచి ఒకటి తీసెయ్యి. డబ్బా చూడు. ఒకటి మిగిలితే ఆపు. లేకపోతే మళ్లీ మొదటి వరుసకు పో.

ఇందులో ఒక అందం ఉంది. మళ్లీ మళ్లీ అదే పని చేసి, ఎప్పుడు మానుకోవాలో తనే తెలుసుకుంటుంది. మనుషుల్లో కూడా ఈ గుణం అరుదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత లేవిని కూర్చోబెట్టాను. ఇరవై బండముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో సంఖ్య. నేను ఆజ్ఞలు చదివాను, ఆయన ముక్కలు తీసి సంఖ్యలు పైకి చదివాడు, నేను పలక మీద కూడుతూ పోయాను. ముందే కాగితం మీద కూడి పెట్టుకున్న మొత్తం అయిదు వందల పదిహేడు. చివరికి డబ్బా చూసి "ఆపు" అన్నాను.

"సరేప్పా," అని లేవి మిగిలి ఉన్న ముక్క కూడా ఎత్తి, "నలభై రెండు" అని చదివి, కుప్ప మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

అయిదు వందల పదిహేడు. ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు.

లేచి లేవిని కౌగిలించుకున్నాను. రాతిదుమ్ము అంతా నా చొక్కాకు. మామ గడపలోంచి, "ఏమప్పా కంబన్నా, నా బండల్తో బొమ్మలాటలా?" అన్నాడు. తర్వాత లేవి మీద కేకలేశాడు, ఉలి పక్కన పెట్టి కూర్చున్నందుకు. లేవి తల దించుకుని పోయాడు. నేను అడ్డు చెప్పాల్సింది. ఆ నిమిషం నేను కలకత్తాలో ఉన్నాను.

16 ఫిబ్రవరి

పోస్టులో వేశాను. రిజిస్టరు చేశాను.

17 ఫిబ్రవరి

నిశ్చింతగా ఉన్నాను.

19 ఫిబ్రవరి

నిశ్చింతగానే ఉన్నాను. కాకపోతే ఇంకొకసారి చేసి చూస్తే బాగుంటుందనిపిస్తోంది. అనుమానం ఉండి కాదు. బాగున్న పాటను రెండోసారి వినబుద్ధి కావడం లాంటిది.

21 ఫిబ్రవరి

ఎందుకు చేశాను. పాట ఒక్కసారి విన్నది చాలదా.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. లేవి కోసం మధ్యాహ్నం కబురు పెడితే ఆయన భార్య విశ్వాసమ్మ వచ్చింది. ఆమె లారీలకు బండలు మోస్తుంది. నడుముకు కొంగు బిగించి, నా ముందు నిలబడి, "ఆయన రాడు," అంది.

"ఎందుకు రాడు?"

"ఆ పొద్దు నీ ఆటకు కూసోని తిట్లు తిన్యాడు. నువ్వు పక్కనే నిలబడి నవ్వుకుంటాంటివి. ఆయనతో చెప్పేదేదో నాతో చెప్పు."

"నవ్వింది అందుకు కాదు విశ్వాసమ్మా..."

"అదేందో యంత్రమని పేరు పెట్టినావంట. చెప్పింది చెయ్యాలంట, చెప్పంది చెయ్యగూడదంట. చెప్పు. చెప్పిందే చేస్తా."

ఆమె కోపం నాకు ఉపయోగపడుతుందని ఆ సమయంలో తెలియదు. మొదలుపెట్టాం. తీసుకో అంటే తీసుకుంది. చదువు అని నేను చెప్పలేదు కాబట్టి చదవలేదు. ఆ మాట అడిగి చెప్పించుకుంది. మిషనరీల బడిలో చదువుకున్న మనిషి, అంకెలు గడగడ చదివింది. గులకరాయి తీసెయ్యి, తీసేసింది. డబ్బా చూడు, చూసింది. పద్దెనిమిది. పంతొమ్మిది. డబ్బాలో ఒకటి మిగిలింది. ఆపు.

ఆపింది. చేతులు కట్టుకుని నిలబడింది.

పలక మీద నాలుగు వందల డెబ్బై అయిదు.

"ఇంగోటి ఉండాది కదా?" అన్నాను. కుప్పలో నలభై రెండు అట్లాగే ఉంది.

"నువ్వు ఆపమన్యావు."

"లేవి ఆ పొద్దు అది కూడా పెట్టినాడే."

"పెడతాడు. ఇరవై బండలు లారీకి ఎత్తితే, పైన ఒకటి పెట్టకుండా చెయ్యి దులపడు ఆయప్ప. దావలో ఒకటి పగుల్తాదని మీ మామ పెట్టిన కొసరే కదా అది. నీ కాయితంలో కొసరు అని రాసిండావా?"

రాయలేదు.

నేను ఒకటి తక్కువ చేశాను, లేవి అలవాటుగా ఒకటి ఎక్కువ పెట్టాడు. రెండు తప్పులు కలిసి నా ముందు ఒప్పులా నిలబడ్డాయి, నేను దాన్ని కౌగిలించుకున్నాను.

ఒకటి మిగిలితే ఆపమని ఎందుకు రాశానా అని ఇందాకటి నుంచి ఆలోచిస్తున్నాను. ఏమీ మిగలకపోతే ఆపాలి, అది ఎవరికైనా తెలుసు. కానీ మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించనివ్వరు. చివరి పిడికెడు ఎప్పుడూ ఉండాలి. బి.ఎ. లెక్కలు రెండో తరగతిలో గట్టెక్కాను గానీ, డబ్బా ఖాళీ చెయ్యడానికి నా చెయ్యి రాలేదు.

కలకత్తాలో ఆ యంత్రానికి కొసరు తెలియదు.

22 ఫిబ్రవరి

ఇరవయ్యో సంఖ్య సున్నా అయితే?

వాళ్లిచ్చే ఇరవై సంఖ్యల్లో చివరిది సున్నా అయిందనుకుందాం. అప్పుడు పంతొమ్మిది కూడినా ఇరవై కూడినా ఒకటే. మొత్తం సరిగా వస్తుంది. అసాధ్యం కాదు. సున్నా కూడా సంఖ్యే.

23 ఫిబ్రవరి

సున్నా.

24 ఫిబ్రవరి, ఆదివారం

డిపో వెనక మిషనరీల గుడిలో పాటలు వినిపిస్తున్నాయి. నేను కూడా ఒక ప్రార్థన చేశాను. ఏ దేవుడికని పేరు పెట్టలేదు; సున్నాకు ఎవరు అధిపతో నాకు తెలియదు.

25 ఫిబ్రవరి

టెలిగ్రాం ఇచ్చి తప్పు చెప్పేస్తే? దిద్దుబాట్లు చెల్లవని రాశారు. చెప్పినా లాభం లేదు, చెప్పకపోతే సున్నా ఉండొచ్చు. కాబట్టి చెప్పకపోవడమే తర్కం. నేను తర్కం ప్రకారం నడుచుకునేవాణ్ణి.

26 ఫిబ్రవరి

లేవి ఎదురైతే వేరే దారిన పోయాను. అట్లా ఎందుకు చేశానో తెలియదు. తెలుసు.

2 మార్చి

పోస్టు లేదు.

4 మార్చి

పోస్టు వచ్చింది. అమ్మది. పరుపు అయిందట. పన్నెండో తేదీ బస్సుకు వస్తుందట.

5 మార్చి

నేనే జబ్బు పడితే? చలిజ్వరం. కలకత్తావాళ్లు తేదీ మార్చారని చెబితే? ఆ యంత్రమే చెడిపోయిందని చెబితే? యంత్రం చెడిపోయిందన్నది బాగుంది. అమ్మ నమ్ముతుంది. మైదుకూరులో పిండిమర ఎప్పుడూ చెడిపోయే ఉంటుంది.

8 మార్చి

పోస్టు లేదు. పోస్టుమాను ఇప్పుడు నన్ను దూరం నుంచి చూడగానే తల అడ్డంగా ఊపుతున్నాడు, నేను అంత దూరం నడవకుండా. మంచివాడు.

12 మార్చి

అమ్మ వచ్చింది. పరుపు, ట్రంకుపెట్టె, చింతకాయ తొక్కు జాడీ, తీపి ఓలిగల డబ్బా. బస్సు దిగగానే నా ముఖం చూసి, "శానా చిక్కినావు నాయనా. ఆ మిషను దగ్గర వేళకు తిను," అంది. మామకు నేను ఏమీ చెప్పలేదు కనుక అమ్మ చెప్పిందే నమ్మి, నాకు ప్రయాణానికని తన తోలుబెల్టు ఇచ్చాడు.

రేపు బండి వచ్చేలోపు ఏదో ఒకటి తోస్తుంది.

13 మార్చి, బుధవారం

ఏదీ తోచలేదు.

పొద్దున పదిన్నరకు బెజవాడ పోయే బండి. పరుపు ఒక చేత, పెట్టె ఒక చేత. అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి టిక్కెట్లు తెచ్చాను. అమ్మ చేయి చాపింది, చూస్తానని. ఇచ్చాను. తిప్పి తిప్పి చూసింది.

"రెండూ ఒకటే మాదిరి ఉండాయే."

"అవును."

"నాది ప్లాట్‌ఫారం టిక్కెట్టు కదా?"

"అవును."

బండి వచ్చింది. ఇంజనుకు నీళ్లు పట్టుకుంటారు, ఈ స్టేషన్లో చాలాసేపు ఆగుతుంది. ఒక రైలుపెట్టె తలుపు మా ఎదురుగానే తెరిచి ఉంది. ఒకాయన దిగి, "ఎక్కుతారా, సామాను అందుకుంటా" అని అడిగాడు. అమ్మ ఆయనతో, "లేదు నాయనా, మేము ఊరికే వచ్చినాము," అంది.

బండి పోయింది. పోయేదాకా ఇద్దరం దానివైపే చూశాం. తర్వాత చెప్పాను. అన్నీ చెప్పాను. దాదాపు అన్న మాట దగ్గర మొదలుపెట్టి సున్నా దాకా. కొసరు సంగతి చెప్పేటప్పుడు అమ్మకు నవ్వు వచ్చింది, ఆపుకుంది.

"అయితే తప్పు ఉండాదని వాళ్లకు చెప్పలేదా?"

"చెప్తే మాత్రం తీసుకుంటారా? దిద్దుబాట్లు చెల్లవంట."

"తీసుకుంటారని నేను అన్లేదు. వాళ్లు ఆ మిషను ముందర కూసోని, యాడ తప్పు పడిందో ఎతుక్కుంటా ఉంటారేమో కదా. నువ్వు ఎరుకతో ఉండి చెప్పకపోతే ఎట్ల?"

ఇది నాకు తోచలేదు. ఇన్ని రోజులు నా వైపు నుంచే ఆలోచించాను. అటువైపు కూడా ఎవరో ఒకరు డబ్బాలో చూస్తూ కూర్చుంటారని తోచలేదు.

స్టేషన్లోనే టెలిగ్రాం ఇచ్చాను. "నాలుగో అభ్యాసంలో తొమ్మిదో వరుస తప్పు. ఒకటి మిగిలితే కాదు, ఏమీ మిగలకపోతే ఆపాలి. ఇరవయ్యో సంఖ్య వదిలేశాను. కంబన్న." స్టేషన్ మాస్టరు రెండుసార్లు చదివి, "ఎవరన్నా పోయినారా?" అని మెల్లగా అడిగాడు.

తిరిగి వస్తూ అమ్మతో అన్నాను, "మైదుకూరులో ఏం చెప్తావు?"

"నా కొడుకు తేదీ సరిగా చెప్పలేదని చెప్తా. అది అబద్ధం కాదు గదా."

పరుపు నా నెత్తిన ఉంది. ముఖం కనిపించదు కనుక బాగానే ఉంది.

14 మార్చి

అమ్మ వెళ్లింది. పరుపు ఇక్కడే వదిలేసింది. మామ బెల్టు వెనక్కి ఇస్తే తీసుకోలేదు. "నడుముకు పెట్టుకో. పీట మీద కూసున్యా నడుముంటాది కదా," అన్నాడు.

లేవి దగ్గరికి పోయి ఆ పొద్దు అడ్డు చెప్పనందుకు తప్పైందని చెప్పాను. లేవి, "దానికేమిలేప్పా," అన్నాడు. విశ్వాసమ్మ పక్కనే ఉంది. ఆమె దానికేమిలే అనలేదు.

23 మార్చి

కలకత్తా జాబు. పోస్టుమాను తల ఊపకుండా నవ్వుతూ వచ్చాడు, పాపం.

నా టెలిగ్రాం అందేసరికే యంత్రం మీద నడిపేశారట. మొత్తం తప్పు వచ్చింది. చివరి సంఖ్య సున్నా కాదు, తొంభై మూడు. నియమం ప్రకారం ఈసారి తీసుకునే ఇద్దరిలో నేను లేను.

దాని కింద చేతిరాతతో నాలుగు వరుసలు. తప్పు వచ్చినవాళ్లు ఆరుగురట. తన తప్పు ఎక్కడుందో తనే చెప్పింది నేనొక్కణ్ణేనట. ఆ టెలిగ్రాం వాళ్లకు రెండు పూటల పని తగ్గించిందట. జూలైలో ఇంకో ఇద్దరిని తీసుకుంటారట. అయిదో అభ్యాసం జతపరిచారు. దాంతోపాటు, యంత్రం లేకుండా ఆ తప్పు ఎట్లా పట్టుకున్నానో రాయమన్నారు.

రాశాను. "మా డిపోలో విశ్వాసమ్మ అనే ఆమె ఉంది. బండలు మోస్తుంది. చెప్పనిది చెయ్యదు." మూడుసార్లు చదివాను. ఒక్క మాట కూడా వదల్లేదు, ఒక్క మాట కలపలేదు.

అమ్మకు కార్డు రాశాను. తీసుకోలేదు, జూలైలో మళ్లీ చూస్తారు, తీసుకుంటారో లేదో తెలియదు. ఇంత రాశాక కూడా కార్డులో జాగా మిగిలింది.

25 మార్చి

అయిదో అభ్యాసం: సంఖ్యలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చు. పద్నాలుగు వరుసలు రాసుకుని మధ్యాహ్నం విశ్వాసమ్మ దగ్గరికి పోయాను. మామను ముందే అడిగాను. భోజనాల పొద్దులో అయితే నీ ఇష్టం అన్నాడు.

ఆమె చెయ్యి చాపింది. "కాయితం ఇట్లియ్యి."

"కాయితం నేను చదువుతా. నువ్వు..."

"నేను చదువుతా. నువ్వు మొయ్యి. నీ తప్పు నీ నెత్తిన పడితే గదా తెలిసేది."

లేవి సుత్తి పక్కన పెట్టి చూడడానికి వచ్చి కూర్చున్నాడు. సుద్దముక్కతో రాసిన చిన్న ముక్కలు వద్దని, ఆమె నిజం బండలే అయిదు ఏరి, వాటి మీదే అంకెలు వేసి, వరుసగా ఆనించి నిలబెట్టింది. ఒక్కోటి రెండడుగుల పొడవు.

మొదటి వరుస చదివింది. మొదటి బండ ఎత్తాను. రెండో వరుస చదివింది, పక్క బండతో పోల్చి చూశాను. మూడు చదివింది. నాలుగు చదివింది. చదివాక కాగితం మోకాలి మీద పెట్టుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"విశ్వాసమ్మా, ఈ బండ యాడ పెట్టాల?"

ఆమె కాగితం మళ్లీ మొదటి నుంచి చివరిదాకా ఓపిగ్గా చదివింది. ఆ చదివినంతసేపూ నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. బండ ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"కాయితంలో యాడా లేదప్పా," అంది. "నువ్వే ఆలోచన చెయ్యి. దించకుండా."